ఆరు క్రేట్ల ఎత్తు

కుప్పం,
9-6-2025

పెద్దమ్మా,

ఉత్తరం చూసి కంగారుపడకు. నాకేమీ కాలేదు. ఇక్కడ క్యాంపులో దిగగానే మా ఫోన్లన్నీ ఒక డబ్బాలో వేయించుకుని తాళం పెట్టేశారు. ఆదివారం ఒక గంట ఇస్తారట. ఆ గంట పుంగనూరులో అమ్మతో మాట్లాడేసరికే అయిపోతుంది. నీ డ్యూటీ ఎప్పుడుంటుందో నాకు తెలియదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నీకు పలక మీద గుణింతాలు దిద్దించాను కదా. ఆ రోజు “ఇప్పుడు ఈ వయసులో నాకెందుకే” అన్నావు. ఇదిగో, ఇందుకే.

మా డాన్సు కంపెనీ వాళ్ళం పదకొండు మందిమి బెంగళూరు నుంచి వచ్చాం. ఊరి బయట ఖాళీగా ఉన్న ఒక పట్టుగూళ్ళ గోదాములో రోజంతా సాధన. గురుమూర్తి సార్ గురించి చెప్పాను కదా, కంపెనీ ఆయనదే. పోయినేడు మీ మదనపల్లె టమాటా మార్కెట్లో నిలబడి మూడు రోజులు హమాలీలను చూశాడట. ఆ పనినే ఇప్పుడు ఆటగా కడుతున్నాడు. పాట ఉండదు, గజ్జెలుండవు, దేవుడి కథా ఉండదు. క్రేట్ల చప్పుడు, వేలం పాడేవాడి గొంతు, మా ఊపిరి. నువ్వు “ఇదేం డాన్సే” అంటావని తెలుసు.

చివర్లో ఆరు క్రేట్లు ఒకదాని మీద ఒకటి పెడతారు. నేను పైకెక్కి నిలబడి, అలాగే కట్టెలాగా వెనక్కి వాలిపోతాను. కింద ప్రదీప్ అనే అబ్బాయి పట్టుకుంటాడు. అది నాకిచ్చారు పెద్దమ్మా! నాలుగేళ్ళుగా వెనక వరసలో ఉన్నదాన్ని.

జూలై 12న కుప్పంలో, 20న మదనపల్లెలో ఆడతాం. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఒక్కసారీ చూడలేదు. ఈసారి రావాల్సిందే.

నీ నందిని

---

మదనపల్లె,
14-6-2025

చిరంజీవి నందినికి పెద్దమ్మ సిద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెనక్కి వాలిపోవడమేమిటే? వెనక ఏముందో కనపడకుండా ఎవరైనా పడతారా?

నీకు తెలుసు, నేను ఎముకల వార్డులో ఆయాగా చేరి పంతొమ్మిదేళ్ళు. లోకంలో నడిచేవాళ్ళు కోట్లమంది ఉంటారు, నాకు కనపడేది విరిగినవాళ్ళే. ఇప్పుడు నాలుగో మంచం మీద తాహిర్ అనే హమాలీ ఉన్నాడు. లారీ మీద క్రేట్లు పేరుస్తూ జారాడు. నడుము పట్టీ లేకుండా కూర్చోలేడు. నీ సంగతి అతనికి చెప్పాను. “మేము కూటికోసం ఎక్కుతామమ్మా, ఆ పాప యాల ఎక్కేది?” అన్నాడు.

ఇవి రాయి. క్రేట్లు ఖాళీవా, సరుకుతో ఉన్నవా? ఖాళీవైతే కదులుతాయి. కింద పరుపు వేస్తారా? ఆ ప్రదీప్ ఎంత మనిషి? ఏం తింటాడు? కళ్ళు బాగా కనపడతాయా? నవ్వకు. పట్టుకునేవాణ్ణి గురించి అడగకుండా పడేదాన్ని గురించి అడిగితే ఏం లాభం.

వస్తాను. రానని కాదు. కానీ నువ్వు పైకెక్కినప్పుడు కళ్ళు మూసుకుంటాను, ముందే చెబుతున్నాను.

మీ అమ్మ బయ్యమ్మ మొన్న ఫోన్ చేసింది. నీకు సంబంధం చూస్తున్నానంది. క్రేట్ల సంగతి నేను చెప్పలేదు.

పెద్దమ్మ

---

కుప్పం,
19-6-2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తే అందరూ నవ్వారు. ప్రదీప్ కూడా. “రాగిముద్ద తింటాను, కళ్ళు బాగానే ఉండాయని రాయి” అన్నాడు. మనవాడే, బైరెడ్డిపల్లె. ఇంట్లో వద్దన్నా వినకుండా బ్యాంకు ఉద్యోగం వదిలి ఇందులో చేరాడు. క్రేట్లు ఖాళీవి కాదు, లోపల ఇసుక మూటలు పెట్టి కడతారు. సాధనలో పరుపు ఉంటుంది. ఆటలో ఉండదు.

నవ్వుతూ చదివిన కాగితాన్నే తర్వాత ఒంటరిగా కూర్చుని మళ్ళీ చదివాను. ఒక మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నీకు ఎముకల సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ప్రదీప్ కుడి భుజం కీలు జారుతుంది. మొన్న నన్ను పట్టుకుని దించాక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మొహమంతా చెమట. చేతిని ఒకలా తిప్పి తనే లోపలికి వేసుకున్నాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఇది మూడోసారట. “సార్‌కు తెలిస్తే నన్ను తీసేస్తాడు నందినీ, నీకు దండం పెడతా” అన్నాడు. నేను చెప్పనని ఒట్టు వేశాను.

దానికి ఏమైనా కసరత్తు ఉందా? మీ వార్డులో నేర్పిస్తారు కదా, అది రాసి పంపు. ఎవరికీ చెప్పకు.

నీ నందిని

---

మదనపల్లె,
23-6-2025

నందినీ,

కసరత్తు లేదు. మా డాక్టరమ్మను పేరు చెప్పకుండా అడిగాను. “మూడుసార్లు జారిందంటే నాలుగోసారి ఎప్పుడు జారుతుందో వాడికే తెలీదు. ఆపరేషన్ చెయ్యాల. బరువు మొయ్యకూడదు” అంది. నువ్వు యాభై రెండు కిలోలు. పై నుంచి పడితే ఇంకా ఎక్కువ.

నువ్వు ఒట్టు వేశావు, నేను వెయ్యలేదు. మీ సార్‌కు నువ్వే చెప్పు. పది రోజులు చూస్తాను.

నీకు జ్ఞాపకం లేదేమో, మూడేళ్ళ పిల్లగా నువ్వు నా దగ్గరికి వచ్చిన కొత్తలో మిద్దె మెట్ల మీద నుంచి “పెద్దమ్మా పట్టుకో” అని దూకేదానివి. నేను ఉన్నానో లేదో చూసేదానివి కాదు. నీది అప్పటినుంచీ అదే గుణం. రెండుసార్లు పట్టుకున్నాను. మూడోసారి నేను దండెం మీద బట్టలు తీస్తున్నాను. నీ గడ్డం కింద ఆ మచ్చ అదే. మీ అమ్మకు గడప తగిలిందని చెప్పాను.

నిద్ర పట్టడం లేదు. మంచాల మీద పిండికట్లు చూస్తుంటే అన్నీ నీ చేతుల్లాగే, నీ కాళ్ళలాగే ఉన్నాయి.

పెద్దమ్మ

---

కుప్పం,
2-7-2025

పెద్దమ్మా,

ఫోన్లో అయితే అరుస్తాను. అందుకే రాస్తున్నాను.

నిన్న పొద్దున గురుమూర్తి సార్ అందరినీ కూర్చోబెట్టి, ప్రదీప్ ఇక ఈ ఆటలో ఉండడని చెప్పాడు. ప్రదీప్ బ్యాగు సర్దుకుని నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ సంగతి తెలిసిన మనుషులం ఇద్దరమే, నేనూ నువ్వూ. నేను చెప్పలేదు. పది రోజులు చూస్తానని రాసి ఎనిమిదో రోజుకే పని ముగించావు.

నువ్వు నన్ను కాపాడాననుకుంటున్నావు. ఏం జరిగిందో విను. అతని బదులు మోసిన్‌ను పెట్టారు. మోసిన్ మంచివాడే, బలమైనవాడే. కానీ ప్రదీప్‌తో నేను మూడు వారాలు పడ్డాను. అతని ఊపిరి వినిపిస్తే చాలు, ఎక్కడున్నాడో తెలిసేది. మోసిన్‌తో ఉన్నవి పది రోజులు. నిన్న పరుపు మీదే మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను. తిరిగి చూస్తే ఒళ్ళు వంగుతుంది. వంగితే పట్టుకునేవాడి చేతుల్లో సరిగ్గా పడం.

నాకు ఇంతకుముందు భయం లేదు. నువ్వు అంటించావు.

నువ్వు ఆటకు రావద్దు.

నందిని

---

మదనపల్లె,
6-7-2025

నందినికి,

నేను మీ సార్ మొహం కూడా ఎరగను. జరిగింది రాస్తాను, నమ్మితే నమ్ము.

మొన్న ఇరవై ఎనిమిదో తేదీ శనివారం లీవు పెట్టి కుప్పం వచ్చాను. నీకు చెప్పలేదు, అది తప్పే. గోదాము బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నం మీవాళ్ళు గుంపుగా టీకి వచ్చారు. నువ్వు రాలేదు. ఒక పిల్లవాడు గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని, కుడి మోచేతిని పొట్టకు ఆనించుకున్నాడు. అలా పట్టుకునేవాళ్ళను పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగి దగ్గరికి పోయాను.

“ఏమప్పా, యాడ నొప్పి?” అన్నాను.

“నొప్పేం లేదమ్మా. మీరెవరు?”

“నువ్వు పట్టుకొనే పాపకు పెద్దమ్మను.”

గ్లాసు పక్కన పెట్టేశాడు. నేను వాణ్ణి తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేసి చూశాను. ఎముక తల నా వేలికి తగిలింది. “నాయనా, నేను మీ సార్‌కు చెప్పను. నీ బిడ్డ అయితే ఈ చేతిలోకి పడెయ్యనిస్తావా, అది చెప్పు సాలు” అన్నాను. నేను బస్సెక్కి వచ్చేశాను. మర్నాడో ఆ మర్నాడో వాడే మీ సార్‌కు చెప్పుకున్నాడు.

ఇది వాడే నాకు చెప్పాడు. ఎక్కడనుకున్నావు? మా వార్డులో. శుక్రవారం వచ్చి చేరాడు. రేపు ఆపరేషన్. తల్లి పక్కనే ఉంది. నీ మొహం ఎందుకు చూడలేదంటే, ఏడుపొస్తుందని.

భయం అంటించానన్నావు. అయ్యుండొచ్చు. నాకు ఉన్నది అదే. ఆ మోసిన్ ఎత్తెంత?

రావద్దంటే రాను.

పెద్దమ్మ

---

కుప్పం,
14-7-2025

పెద్దమ్మా,

నన్ను క్షమించు. నీ ఉత్తరం పన్నెండో తేదీ పొద్దున చేరింది. ఆ సాయంత్రమే ఆట. చదివి జేబులో పెట్టుకున్నాను.

ఆట సంగతి. జనం బాగా వచ్చారు. మూడు వైపులా కుర్చీలు, మధ్యలో మేము. నలభై నిమిషాలు బాగా నడిచింది. నేను పైకెక్కాను. నిలబడ్డాను. మడమల కింద క్రేటు అంచు తెలుస్తోంది. వెనక మోసిన్ ఉన్నాడని తెలుసు. తెలిసినా ఒళ్ళు కదల్లేదు. లోపల ఎవరో గొళ్ళెం పెట్టేసినట్టు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరకు ఒక్కో క్రేటు పట్టుకుని దిగాను. చూసేవాళ్ళు అదే ఆట అనుకున్నారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ నేను చచ్చిపోయాను.

సార్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “మదనపల్లెలో పడలేనంటే ముందే చెప్పమ్మా, ఇంకో పాప సిద్ధంగా ఉంది” అన్నాడు. పడతానన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చింది కానీ కడుపులోంచి రాలేదు. నిద్రలో కూడా వెనక్కి పడుతున్నాను. కింద ఎవరూ ఉండరు. నేల కూడా ఉండదు.

ప్రదీప్ ఎలా ఉన్నాడు?

20న సాయంత్రం ఆరు గంటలకు, మార్కెట్ దగ్గర కల్యాణ మండపంలో. రావద్దని రాసింది నేనే. ఇప్పుడు రమ్మని రాస్తున్నాను. కళ్ళు మూసుకుంటావో తెరుస్తావో నీ ఇష్టం. గదిలో నువ్వున్నావని తెలిస్తే చాలు.

నీ నందిని

---

పుంగనూరు,
6-8-2025

పెద్దమ్మా,

కట్టు ఎడమ చేతికి కాబట్టి రాయగలుగుతున్నాను. అమ్మ దోసెలు ముక్కలు చేసి పెడుతోంది, సంబంధాల మాట ఎత్తడం లేదు. అది చూస్తే ఇంకా భయమేస్తోంది.

వార్డులో నాలుగు రోజులు నాకు తల దువ్వావు, అన్నం కలిపి పెట్టావు. ఆ రోజు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేను పుంగనూరు వచ్చి రెండు వారాలైంది. ఇంతవరకూ నువ్వు ఒకసారీ రాలేదు. ఫోన్ చేస్తే “డ్యూటీలో ఉండా” అని పెట్టేస్తావు.

నాకు గుర్తున్నది ఇంతే. వాలాను. మోసిన్ చేతులు వీపుకు తగిలాయి. ఆ వెంటనే ఇద్దరం నేల మీద ఉన్నాం, నా మోచెయ్యి కింద పడింది. చప్పట్లు వినిపించాయి. ఎవరికీ అర్థం కాలేదు. నువ్వొక్కదానివే కుర్చీ తోసేసి వచ్చి, “కదిలించొద్దండి, ఎవురూ ముట్టుకోవద్దు” అంటూ నా పక్కన కూర్చున్నావు. నువ్వూ ఆటలో మనిషివేననుకున్నారట జనం.

కంపెనీ వాళ్ళు ఒక మాట అంటున్నారు. నేను వాలే క్షణంలో జనంలోంచి ఎవరో ఆడమనిషి గట్టిగా అరిచిందట. మోసిన్ అదిరిపడ్డాడేమోనని వాళ్ళ అనుమానం. భయంతో అరిచి ఉంటుందిలే అంటున్నారు.

అది నువ్వేనా? అయితే కానీ. చెప్పు చాలు. నువ్వు మాట్లాడకపోతే నాకు చెయ్యి కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

నీ నందిని

---

మదనపల్లె,
12-8-2025

నా బిడ్డ నందినికి,

ఆ అరుపు నాదే.

మూడు వారాలుగా కాగితం తీయడం, మడిచి పెట్టడం. నీ కళ్ళలోకి చూస్తూ ఈ మాట చెప్పలేక రాలేదు. మొదటి నుంచీ రాస్తాను.

ఆ రోజు ఐదు గంటలకే వచ్చి ముందు వరసలో కూర్చున్నాను. ఒక పక్క ప్రదీప్, చెయ్యి మెడకు కట్టుకుని. ఇంకో పక్క తాహిర్, నడుము పట్టీతో. మీ సార్ హమాలీలందరికీ రమ్మని చెప్పాడట, వెనకంతా వాళ్ళే. ఆట మొదలైన పావుగంటకు ఒకాయన, “ఎప్పుడప్పా మొదలుపెట్టేది?” అన్నాడు. “ఇదే అంటన్నా, సూడు” అన్నారు ఎవరో. నవ్వుకున్నారు. మీరు క్రేట్లు ఒకరి చేతిలోంచి ఒకరికి విసరడం మొదలుపెట్టాక నవ్వు ఆగింది. ఒకడు భుజం మార్చుకున్న తీరు చూసి తాహిర్ “అది మా పనే” అన్నాడు నెమ్మదిగా.

నేను మాత్రం ఆట చూడలేదు. నీ మోకాళ్ళు చూశాను, మోసిన్ మణికట్లు చూశాను, నేల తడిగా ఉందా అని చూశాను. నువ్వు పైకెక్కినప్పుడు అన్న మాట ప్రకారం కళ్ళు మూసుకున్నాను.

అందరూ అంత నిశ్శబ్దంగా ఉన్నారేమిటని తెరిచాను.

నువ్వు పైన నిలబడి ఉన్నావు. చేతులు రెండూ పక్కన. మొహం మీద లైటు. నీ వయసు తెలియలేదు, నువ్వు ఎవరి బిడ్డవో తెలియలేదు. వార్డులో పంతొమ్మిదేళ్ళు మనిషి ఒళ్ళు ఎలా విరుగుతుందో చూశాను కానీ, అలా నిలబడగలదని నాకెవరూ చూపించలేదు. ఎప్పుడు పోయిందో, నా భయం పోయింది. “దిగి రా” అనుకోవలసింది. అనుకోలేదు నందినీ. “పడు” అనుకున్నాను. పడితే చూడాలని ఉండింది. ఆశ పుట్టింది నాకు.

అప్పుడే నోట్లోంచి వచ్చేసింది. “మా పాప! ఆ పాప మా పాప!” అని. తాహిర్ వైపు తిరిగి అన్నాననుకున్నాను. మండపమంతా వినిపించిందని తర్వాత ప్రదీప్ చెప్పాడు.

ఐదు వారాలు భయపడ్డాను, ఆ భయంతో నీకు ఏ హానీ చెయ్యలేదు. ఒక్క క్షణం సంతోషపడ్డాను, నీ చెయ్యి విరిగింది. ఈ మాట ఎవరికి చెప్పుకోను? డాక్టరమ్మ, ఆ మోచెయ్యి పూర్తిగా చాపుకోకపోవచ్చు అంది. నీకు చెప్పొద్దని అడిగాను. ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఇంకేమీ దాచలేను.

నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

పెద్దమ్మ

---

పుంగనూరు,
17-8-2025

పెద్దమ్మా,

ఉత్తరం అందగానే మోసిన్‌కు ఫోన్ చేశాను. ఏమీ దాచకుండా చెప్పమన్నాను. “అరుపు వినిపించింది నందినీ. దానికి నేను అదరలా. నువ్వు అనుకున్నదానికంటే ముందు వాలినావు, నా ఎడమ కాలు ఇంకా సర్దుకోలా. నీ నడుము దొరికింది, కాలు జారింది” అన్నాడు. ఏడ్చాడు కూడా. నాలుగు వారాలుగా అతనూ తన తప్పేనని సరిగ్గా అన్నం తినడం లేదట.

ఎందుకు ముందు వాలానో ఎవరికీ తెలియదు. నీ ఉత్తరం చదివాకే నాకూ గుర్తొచ్చింది. నీకు చెబుతాను.

ఆ రోజు కూడా నాకు కుప్పంలో అయినట్టే అయింది. పైకెక్కాను, కాళ్ళు బిగుసుకుపోయాయి. దిగిపోదామని కుడి మోకాలు వంచబోతున్నాను కూడా. నువ్వు చూసిన ఆ మనిషి ధైర్యంగా నిలబడిన మనిషి కాదు పెద్దమ్మా, కదల్లేక నిలబడిన మనిషి. అప్పుడు నీ గొంతు వినిపించింది. భయంతో అరిస్తే నీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ విన్నదే. ఇది అది కాదు. ఇలాంటి గొంతు నీకుందని నాకు తెలియదు. మోకాలు దానంతట అదే నిటారుగా అయింది. వాలే ముందు లెక్కపెట్టాల్సిన ఊపిరులు మరిచిపోయాను. వెళ్ళిపోయాను.

కాబట్టి నువ్వు అరవకపోతే నేను దిగి వచ్చేదాన్ని. చెయ్యి బాగుండేది. అది నిజం. దాన్ని లేదనను. కానీ అలా దిగి వచ్చి ఉంటే ఇప్పుడు ఏ మొహంతో నీకు ఉత్తరం రాసేదాన్నో నాకు తెలియదు.

మోచెయ్యి సంగతి చదివి ఈ రెండు రోజులూ అమ్మతో కూడా మాట్లాడలేదు. గురుమూర్తి సార్ ఫోన్ చేశాడు. చెయ్యి ఎంత వరకు చాపుకుంటుందో చూసి మాట్లాడదామన్నాడు. మాట్లాడదాం అంటే ఏమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సెప్టెంబరు ఒకటి, సోమవారం పొద్దున పది గంటలకు మీ వార్డులోనే కట్టు కోస్తారు. పై నుంచి పడడానికి కూడా నేను ఇంత భయపడలేదు. ఆ మిషను చప్పుడు, లోపలి నుంచి ఎలాంటి చెయ్యి బయటికొస్తుందో అనే భయం. అమ్మ వస్తానంటోంది. వద్దన్నాను. నువ్వు ఆ పొద్దు డ్యూటీ వేయించుకో. ముందుగా చెయ్యి చూసేది నువ్వే అవ్వాలి. నేను కళ్ళు మూసుకుంటాను.

నీ నందిని